‘కేబులు కట్టేయ్’ అన్నాను

భిలాయి క్యాంప్ 1లో మా వీధి చివర ఇద్దరు అన్నదమ్ములు పాత మినీ బస్సులు కొని, లోపల మంచాలూ వంటగట్టూ బిగించి, తిరిగే ఇళ్లుగా మార్చి అమ్ముతున్నారు. క్యారవాన్ అంటారట. ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "అంకుల్, బండి ఆగిన చోట బయటి నుంచి కరెంటు తీసుకోడానికి ఏ కేబులు కొనాలి?" అని అడిగారు. మూడు తీగలున్నది కొనండి, లావుది కొనండి, చుట్ట పూర్తిగా విప్పి వాడండి అని చెప్పాను. థాంక్యూ అంకుల్ అని వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక నాకు సిగ్గేసింది. ఆ మూడు ముక్కలూ నేను చదివి నేర్చుకున్నవి కావు. ప్రతిదీ ఎవరికో ఒకరికి దెబ్బ తగిలాకే నాకు అర్థమైంది. నా ఒంటి మీద మాత్రం గీత కూడా పడలేదు. దెబ్బలు వేరేవాళ్లవీ అనుభవం నాదీ అయినప్పుడు, దాన్ని నా తెలివిగా పంచిపెట్టడం ఏం మర్యాద? అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటికి తగిన కారణాలు ఇంకా తక్కువ.

ఇల్లూ ఆస్పత్రీ

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు నిర్మాణం నాడు భిలాయి వచ్చాడు. నేను ఇక్కడే పెరిగి, ఒక కాంట్రాక్టరు కింద కేబుళ్లు లాగే పని నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో అది మానేసి ఒక ధర్మ సంస్థలో చేరాను. సంస్థ పేరు ఎందుకులెండి. వాళ్లకి ఒక ఆస్పత్రి బస్సు ఉండేది. నందిని సున్నపురాయి గనుల చుట్టుపక్కల పల్లెలకి వెళ్లి, ఒక్కో ఊళ్లో కొన్నాళ్లు ఆగి, మళ్లీ ఇంకో ఊరికి పోయేది.

ముందు సగం ఆస్పత్రి, వెనక సగం ఇల్లు. ముందు డాక్టరు గారి బల్ల, మందుల ఫ్రిజ్, సూదులు ఉడకబెట్టే స్టెరిలైజర్. వెనక పడుకోడానికి బల్లలు, ఒక స్టవ్వు, కిటికీకి బిగించిన కూలర్. బ్యాటరీతో దీపాలు వెలిగేవి గానీ మిగతావాటికి బయటి కరెంటే గతి. ఊళ్లో బడికో పంచాయతీ ఆఫీసుకో ఉన్న బోర్డు నుంచి బస్సు దాకా కేబులు లాగాలి. అది నా ఉద్యోగం. ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ అని పేరు. నా కింద ఎవరూ లేరు కాబట్టి నన్ను నేనే సూపర్‌వైజ్ చేసుకునేవాణ్ణి.

బస్సులో నాతోపాటు ఎప్పుడూ ఉండేది ఇద్దరు. నర్సు రూత్ సిస్టరు, భిలాయి-3లో రైల్వే కుటుంబం. డ్రైవరు బిసాహూ, నందిని దగ్గర పల్లెటూరి ఛత్తీస్‌గఢీ మనిషి. చాలా ఏళ్లు రాళ్ల లారీ తోలి, ఈ బస్సు మీదికి వచ్చాడు. లారీ తోలిన రోజుల్లో తన ఊళ్లో ఎవరూ తనని తలెత్తి చూసేవాళ్లు కాదనీ, ఇప్పుడు బస్సు కనపడగానే లేచి నిలబడుతున్నారనీ చెప్పేవాడు. ఆ సీటంటే ఆయనకి ప్రాణం. ఇంకొకరిని అందులో కూర్చోనిచ్చేవాడు కాదు. క్యాంప్ 1లో తెలుగువాళ్ల మధ్య అద్దెకుండి, చెవితో విని తెలుగు పట్టుకున్నాడు. హిందీలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పేవాడు, ముచ్చటకి.

మెట్టు దగ్గర

చేరిన కొత్తలో ఒక ఊళ్లో బడి బోర్డుకి రెండు కన్నాల సాకెట్టే ఉంది. నా కేబులుకి మూడు పుల్లల ప్లగ్గు. ఏం చేయాలి? ప్లగ్గు తీసేసి రెండు పుల్లలది బిగించాను. మూడో తీగ, అంటే ఎర్త్, మడిచి టేపు చుట్టేశాను. కరెంటు వచ్చింది, ఫ్రిజ్ తిరిగింది. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు జనం బస్సు ఎక్కుతూ ఇనప మెట్టు మీద కాలు పెట్టగానే కెవ్వుమంటున్నారు. ఝట్కా, అంటే షాకు, కొడుతోందంటారు. లోపల డాక్టరు గారు నాకేం తెలియట్లేదే అంటారు. నేను దిగి బస్సు ఒంటి మీద అరచెయ్యి ఆనించి, "ఏటీ లేదు, ఊరికే బెదిరిపోతున్నారు" అని తేల్చేశాను. అందరి ముందూ గట్టిగా అన్నాను. ఒక ముసలమ్మ నేల మీద కూర్చుండిపోయి, "నై చఢంవ్" అంది, ఎక్కనని. భయస్తులు, చదువు లేనివాళ్లు అనుకున్నాను.

సాయంత్రం జల్లు పడింది. బూట్లకి బురద అంటుకుందని మెట్టు పక్కన విప్పి, తడి నేల మీద వట్టి కాలితో నిలబడి రెయిలింగు పట్టుకున్నాను. మోచేతి దాకా లాగింది. అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ నా కాళ్లకి ప్లాంటు రోజుల రబ్బరు బూట్లున్నాయి. ఎక్కేవాళ్లందరూ వట్టి కాళ్లతో ఉన్నారు. స్టెరిలైజర్‌లో కరెంటు లీకు ఉంది. ఆ కరెంటు భూమిలోకి పోయే దారిని నేను టేపుతో మూసేశాను. టైర్లు రబ్బరువి కాబట్టి బస్సు ఒళ్లంతా కరెంటుతో నిలబడి ఉంది. లోపలున్నవాళ్లకి తెలియదు. ఒక కాలు నేల మీదా ఒక కాలు మెట్టు మీదా పెట్టినవాడికే తెలుస్తుంది. ఆ ముసలమ్మ మళ్లీ మా బస్సుకి రాలేదు. ఆమెకి కళ్లలో పొరలు. ఎవరు చూశారో, అసలు చూపించుకుందో లేదో నాకు తెలియదు.

కాబట్టి, బాబూ, మూడో తీగ ఎందుకని ఎవడైనా అడిగితే ముందు వాడి బూట్లు విప్పించండి.

ఉన్నదాంతో సర్దుకోవడం

మా పై అధికారి మూర్తి గారు. విజయనగరం మనిషి, మాటకారి. నిమిషంలో మీటింగు ముగించి అందరూ తన మాటే అన్నట్టు చేయగలడు. మనిషి చెడ్డవాడు కాదు. దేన్నీ చేత్తో ముట్టుకోకుండా అన్నీ తెలిసినట్టు ఉండేవాడు. అలాంటి అధికారి మన పనిలో చెడ్డవాడికన్నా ప్రమాదం.

మొదట ఆయన కొన్న కేబులు టేబుల్ ఫ్యానుకి వాడే సన్న రకం. చాలా పొడుగు. ఫ్రిజ్ మూలిగేది గానీ తిరిగేది కాదు. బల్బు ఎర్రగా వెలిగేది. కేబులు సన్నదై, దారి పొడుగైతే కరెంటు ఈ కొన నుంచి ఆ కొనకి చేరేలోపే నీరసించిపోతుంది. నీరసించిన మేరా వేడిగా మారుతుంది. ఆ సంగతి చెప్తే మూర్తి గారు, "రాగేనా కాదా? రాగే కదా. మరింకేం?" అన్నారు. రెండున్నర ఎంఎం రబ్బరు కేబులు కావాలని నేను అడిగిన ప్రతిసారీ చూద్దాం అన్నారు. చివరికి ఒకటిన్నర ఎంఎంది, ఇనప డ్రమ్ముకి చుట్టినది తెప్పించారు. అప్పుడు నేను కొట్లాడాల్సింది. కొట్లాడలేదు. పూర్తిగా విప్పి పరిస్తే ఎలాగో లాక్కొస్తుందని నాకు తెలుసు. ఉన్నదాంతో నడిపించడం మన వృత్తిలో పెద్ద గొప్ప. ఆ గొప్పకి నేనూ పడిపోయాను. "రావు ఉంటే చాలు, సామాను లేకపోయినా పనైపోతుంది" అని మూర్తి గారు అంటే ఛాతీ ఉబ్బేది.

ఇంకొక తప్పు కూడా చేశాను. పెద్దది అని అప్పుడు అనిపించలేదు. కేబులు ఎందుకు విప్పి పరుస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. చుట్టగా ఉంటే లోపలి వరసల వేడి బయటికి పోలేదు, దాన్నది వండుకుంటుంది. చెప్పడానికి ఒక్క వాక్యం. ఊరికి రాగానే నేనే పరిచేవాణ్ణి, ఊరు మారేటప్పుడు బిసాహూ చుట్టేవాడు. ఎందుకూ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మాట

మా వైపు తెలుగులో లైటు కట్టేయ్, ఫ్యాను కట్టేయ్, మోటారు కట్టేయ్ అంటాం. ఆపేయమని. మూట కట్టేయ్, గేదెని కట్టేయ్ అని కూడా అంటాం. తాడుతో ముడేయమని. ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఏది ఏదో అడగక్కర్లేదు. ఊరు మారేముందు ప్రతిసారీ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, నేను బిసాహూతో అనే మాట ఇదే. "భయ్యా, కేబులు కట్టేయ్." ఆయన డ్రమ్ముకి బిగుతుగా చుట్టి, నూలు తాడుతో ముడేసి, డిక్కీలో పెట్టేవాడు. ఆయన చుట్టిన చుట్ట దుకాణంలోంచి తెచ్చినట్టు ఉండేది.

అది ఎండాకాలం. నందిని దాటి ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు గోడ పక్కనే బస్సు ఆపాం. బోర్డు చాలా దగ్గర. కేబుల్లో చాలావరకు మిగిలిపోయింది. మిగిలినదంతా వెడల్పు వంకలుగా నేల మీద పరిచాను. కూలర్, ఫ్రిజ్, స్టెరిలైజర్ మూడూ నడుస్తున్నాయి. పొద్దెక్కాక బోర్డు దగ్గరి ప్లగ్గు వేడెక్కిన వాసన వచ్చింది. కొత్తది కావాలి. ఊరి మాస్టారి స్కూటరు భిలాయి-3 వైపు వెళ్తోంది. వెనక ఎక్కి కూర్చున్నాను. బండి కదిలింది. అప్పుడు గుర్తొచ్చి, వెనక్కి తిరిగి బస్సు నీడలో కూర్చున్న బిసాహూకి కేకేశాను.

"భయ్యా, నేనొచ్చీదాకా ఆ కేబులు కట్టేయ్."

ఆపేయమని నా ఉద్దేశం. ఆయన చెయ్యెత్తి సరే అన్నాడు.

తర్వాత జరిగింది రూత్ సిస్టరు చెప్పింది. బిసాహూ వెంటనే లేచి, పరిచిన కేబులంతా డ్రమ్ముకి చుట్టాడు. రెండు కొనలూ తగిలించే ఉన్నాయి, కరెంటు పారుతూనే ఉంది. జనం కాళ్లకి అడ్డమొస్తోందని నేను చుట్టమన్నాను అనుకున్నాడు. చుట్టి, ముడేసి, డ్రమ్ముని బస్సు కిందకి నీడలోకి తోశాడు. ఎవరూ ముట్టుకోకుండా పైన గోనెసంచి కప్పాడు. ఇంకా ఎక్కువ జాగ్రత్త ఏ మనిషీ పడలేడు.

లోపల డాక్టరు గారి ముందు ఒక బాలింత, ఆమె తల్లి, ఇంకొందరు ఉన్నారు. నేలలోంచి పొగ వచ్చింది. రూత్ సిస్టరు దూకి పంచాయతీ ఆఫీసులోకి పరిగెత్తి మెయిన్ స్విచ్చి లాగేసింది. అప్పటికి గోనెసంచి అంటుకుంది. డీజిలు ట్యాంకు ఎంతో దూరం లేదు. బిసాహూ బస్సు కిందకి దూరి, కాలుతున్న చుట్టని రెండు చేతులా కావలించుకుని బయటికి ఈడ్చాడు. ప్లాస్టిక్కు కరిగి అరచేతులకి అంటుకుపోయింది. బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు.

నేను కొత్త ప్లగ్గు జేబులో వేసుకుని తిరిగొచ్చేసరికి ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. నేల మీద నల్లటి ముద్ద ఉంది. అందులో ఆయన వేసిన ముడి ఇంకా కనపడుతోంది.

"రావు గారూ, కేబులు కట్టేయమని మీరే చెప్పారంట గదా" అంది రూత్ సిస్టరు. "పాపం, నేను సూస్తానే ఉన్నాను. ఎంత నీటుగా చుట్టేడో."

అప్పుడు నా చెవిలో నా మాటే మళ్లీ వినపడింది. సిగ్గు అంటే తల వంచుకోవడం అనుకునేవాణ్ణి. కాదు. ఆ ముడి మీంచి చూపు తిప్పుకోలేకపోవడం. ఆస్పత్రికి బయల్దేరాను.

ఆస్పత్రిలో బిసాహూ రెండు చేతులూ దూది మూటల్లా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు.

"సార్, నేను గట్టిగానే కట్టినాను. ముడి కూడా సూసుకున్నాను. గడ్‌బడ్ ఎక్కడయిందో తెలీలేదు."

విచారణ

సంస్థ కార్యదర్శి దుర్గ్ నుంచి వచ్చారు. మర్యాదస్తుడు, హిందీ తప్ప రాదు. మా బస్సు షెడ్డులో బల్ల వేసి, మూర్తి గారిని పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను అడిగారు. డ్రైవరుకి మీరేం చెప్పారు?

నేను దాచలేదు. దాచాలని కూడా అనిపించలేదు. "కట్టేయమన్నానండి. మా భాషలో ఆ మాటకి ఆపేయమనీ అర్థమే, చుట్టి ముడేయమనీ అర్థమే. ఎప్పుడూ ఆయనతో నేను రెండో అర్థంలోనే అంటాను. ఆయన చేసింది నేను చెప్పిందే. చుడితే కాలుతుందని కూడా నేనెప్పుడూ చెప్పలేదు. పైగా ఆ కేబులు ఆ లోడుకి చాలదు. అది తెలిసే వాడాను" అని హిందీలో నాకు వచ్చినంత స్పష్టంగా చెప్పాను.

కేబులు చాలదన్న మాట దగ్గర మూర్తి గారు కుర్చీలో కదిలారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, కార్యదర్శితో నవ్వుతూ అన్నారు, "దేఖియే, డ్రైవర్ కో బచా రహే హైఁ. బడే దిల్ వాలే హైఁ." డ్రైవరుని కాపాడుతున్నాడు, పెద్ద మనసు అని.

కార్యదర్శి లేచి నాకు నమస్కారం పెట్టారు. తోటి ఉద్యోగి కోసం తప్పు తన మీద వేసుకునే మనుషులు ఈరోజుల్లో ఎక్కడున్నారు అన్నారు. నేను కాదు కాదు అంటున్నకొద్దీ వాళ్ల కళ్లలో నా ఎత్తు పెరిగిపోతోంది. ఇంకొకసారి గట్టిగా చెప్తే కార్యదర్శి కళ్లు చెమ్మగిల్లాయి. అబద్ధం చెప్పి తప్పించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నిజం చెప్పి తప్పించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

బయటికి వచ్చాక మూర్తి గారిని ఆపాను.

"అది నిజమండీ. ఆయన తప్పేం లేదు."

"ఏమయ్యా రావూ, వాడి తప్పు తెలుగు నెత్తిన రుద్దుతావా? ఇన్నేళ్లు కరెంటు పని చేసినవాడు కేబులు కట్టేయమంటే ఎవడైనా ఏమనుకుంటాడు?"

"బిసాహూ అనుకున్నదే అనుకుంటాడండి."

"వాడికి తెలుగు రాదు. నేననేదీ అదే కదా" అన్నారు మూర్తి గారు. "నువ్వు ఊరుకో. వాడి వైద్యం మనమే చేయిస్తాం, ఉద్యోగం పోదు. ఇంకేం కావాలి?"

వైద్యం చేయించారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. రూత్ సిస్టరు బిసాహూ చేత రోజూ రబ్బరు బంతి పిసికించింది. అరచేతి చర్మం బిగిసి, నిగనిగలాడుతూ మిగిలింది గానీ వేళ్లు మూసుకున్నాయి. షెడ్డులో బస్సు వెనక్కీ ముందుకీ తోలి చూపించాడు. ఇరుకు సందులో కూడా గీత పడకుండా తిప్పాడు. చూసినవాళ్లలో నేనూ ఉన్నాను, మూర్తి గారూ ఉన్నారు.

"చేతులు బాగున్నాయి" అన్నారు మూర్తి గారు. "చెప్పింది అర్థం చేసుకోనివాణ్ణి రోగులున్న బండి మీద పెట్టలేం కదా."

బిసాహూ తాళాలు తీసి బల్ల మీద పెట్టేశాడు. షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు.

నేను దుర్గ్ వెళ్లి కార్యదర్శిని ఇంకోసారి కలిశాను. టీ ఇప్పించారు. మీలాంటివాళ్లు ఉండబట్టే సంస్థ నడుస్తోంది అన్నారు. ఉద్యోగం మానేస్తానని అనుంటే వినేవారేమో. ఆ మాట గొంతు దాకా వచ్చింది, టీతోపాటు మింగేశాను. ఇంట్లో ముగ్గురు పిల్లలు చదువుతున్నారు. అది కారణమే గానీ, ఆ సిగ్గుకి అది మందు కాదు.

కొనేముందు, తగిలించేముందు

ఇప్పుడు అసలు సంగతి. మీ బండిలో ఏమేం నడుస్తాయో ముందు కూడుకోండి. ఫ్రిజ్, కూలర్, నీళ్లు కాచేది కలిస్తే రెండున్నర ఎంఎం కన్నా సన్నది ముట్టుకోకండి. దూరం ఎక్కువైతే ఇంకా లావుది. ఇంటి గోడల్లో వేసే బిరుసు వైరు వద్దు, సన్న పోగులు చాలా ఉండి మెత్తగా వంగే రబ్బరు తొడుగుది కొనండి. మూడు తీగలు. ఆకుపచ్చది, అంటే ఎర్త్, బండి ఇనుముకి గట్టిగా బిగిసి ఉండాలి. ఊళ్లో రెండు కన్నాల సాకెట్టే ఉంటే ఆ రోజు బ్యాటరీ దీపాలతో గడపండి. కూలర్ లేకుండా ఎవరూ పోరు.

కేబులు మధ్యలో అతుకులు వద్దు. నేను వేసినవి చాలా ఉన్నాయి, అందుకే చెప్తున్నాను. కేబుల్లో బండికి తగిలే కొనకి ఎప్పుడూ కన్నాలే ఉండాలి, పుల్లలు బండి ఒంటికి బిగించి ఉండాలి. రెండు కొనలకీ పుల్లలున్న కేబులు ఎవడైనా చేసి ఇస్తే కోసి పారేయండి, స్నేహం చెడినా పర్వాలేదు. ముందు బండికి తగిలించి, తర్వాత గోడకి. తీసేటప్పుడు ముందు గోడ దగ్గర. ఊళ్ల సాకెట్లలో ఫేజూ న్యూట్రలూ తారుమారుగా ఉండటం మామూలు. టెస్టరు పెట్టి చూడందే తగిలించకండి. బండి లోపల ఈఎల్‌సీబీ పెట్టించండి. లీకు ఉంటే అదే లైను తెంపేస్తుంది. తగిలించిన ప్రతిసారీ దాని బటను నొక్కి చూడండి. మా బస్సుకి అది ఉండుంటే ఆ ముసలమ్మ కళ్లు ఎవరైనా చూసేవాళ్లు.

కేబులు ఎంత మిగిలినా డ్రమ్ము మీద మిగలకూడదు. విప్పేయండి. వెడల్పుగా పరవండి. పైన ఏదీ కప్పకండి. జనం తొక్కుతారనుకుంటే దారి మార్చండి గానీ చుట్టకండి. అరగంట నడిచాక స్విచ్చి ఆపి, కేబులు పట్టుకు చూడండి. వేడిగా ఉంటే అది చాలట్లేదని అర్థం, ఇంకెవరి మాటా వినక్కర్లేదు. మీ పక్కన పని చేసేవాడికి ఇదంతా ఎందుకో కూడా చెప్పండి. వాడు అడగకపోయినా చెప్పండి. ఆపమనాలంటే ఆఫ్ అనండి, ప్రపంచంలో ఎవడికైనా అర్థమవుతుంది. తెలుగు మీద ప్రేమ ఉంటే దానికి వేరే చోట్లున్నాయి.

గేటు

బస్సు పొద్దున్నే షెడ్డులోంచి బయల్దేరేది. గేటు తీసేది బిసాహూ. కొత్త డ్రైవరు హారను కొడితే ఆయన లేచి వచ్చి, గడియ తీసి, తలుపు పట్టుకుని నిలబడేవాడు. బస్సు దాటేటప్పుడు టైర్ల వంక చూసేవాడు, గాలి తగ్గిందేమోనని. నా వంక చూసి నవ్వేవాడు. ఆ నవ్వులో నా మీద కోపం ఉండాలని చాలాసార్లు వెతికాను. లేదు.

ఒకరోజు కొత్త డ్రైవరు ఇంకా రాలేదు. నేను గేటు పక్కన నిలబడ్డాను. బిసాహూ తన స్టూలు నాకిచ్చి, తను గోడకి ఆనుకున్నాడు.

"సార్, మా ఆడదానికి సెప్పినాను" అన్నాడు. "రావు సార్ నా కోసం పెద్దోళ్ల ముందు అబద్ధం ఆడినారు, తప్పు తన మీద ఏసుకున్నారు అని. తమరికి దండం పెట్టమంది."

"అబద్ధం కాదు భయ్యా. నిజంగానే తప్పు నాది. ఆ మాటకి రెండు అర్థాలున్నాయి. నీకు తెలిసినదీ అర్థమే."

"ఊరుకోండి సార్. తమరి భాష తమరికి తెలీదేటి? నేనే సరిగ్గా నేర్సుకోలేదు. ఇప్పుడు మా వీధిలో అందర్నీ అడిగినాను, లైటు కట్టేయ్ అంటే ఏటి అని. అందరూ ఆపేయడమనే సెప్పినారు."

ఎవరిని అడిగావు, ఎలా అడిగావు అన్నాను. లైటు గురించి అడిగితే అలాగే చెప్తారు, కేబులు గురించి అడగాలి అన్నాను. ఆయన వింటున్నాడు గానీ, పిల్లాడు మారాం చేస్తుంటే పెద్దవాళ్లు వినే రకంగా వింటున్నాడు. తెలుగులో చెప్తే లాభం లేదనిపించింది. ఎక్కడా ఇంకో అర్థం రాకుండా, హిందీలోనే చెప్పాలనుకున్నాను. లేచి నిలబడి, ఆయన రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. ఆ అరచేతులు నున్నగా, గట్టిగా ఉన్నాయి.

"గల్తీ మేరీ థీ, భయ్యా. తుమ్హారీ నహీఁ. సిర్ఫ్ మేరీ." తప్పు నాది, నీది కాదు, నా ఒక్కడిదే అని.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు విడిపించుకోలేదు.

"తమరు హిందీలో కూడా ఎంత బాగా అబద్ధం ఆడతారు సార్" అన్నాడు.

కొత్త డ్రైవరు వచ్చి హారను కొట్టాడు. బిసాహూ గేటు తీశాడు. నేను బస్సెక్కాను.